చేతికిచ్చిన ఇటుకలు

పొద్దున్నే చాయ్ పొంగేలోపల ఆయన నడుముకు పట్టీ కట్టడం నా పని. ఆయన గోడవైపు తిరిగి, బనీను పైకి పట్టుకుని నిలబడేవాడు. నేను వెనకనుంచి పట్టీ చుట్టి, లాగి బిగించేదాన్ని.

"ఇంకింత గట్టిగ గుంజు. నడుమల జారిందనుకో, అందరి ముంగట ఇజ్జత్ పోతది," అనేవాడు.

బిగించాక చొక్కా తొడుక్కుని, రెండడుగులు వేసి చూసుకునేవాడు. నడక సరిగ్గా వంకర వచ్చిందా లేదా అని. అప్పటికి చాయ్ అంచుకు వచ్చేది, నేను ఉరికి దించేదాన్ని. ఒక్కనాడూ పొంగనివ్వలేదు. ఇప్పుడు చేతులు ఖాళీగానే ఉంటాయి, పక్కనే నిలబడి ఉంటాను, అయినా రోజూ పొంగి పొయ్యి మీద పడుతోంది. ఆ వేళకు నా కళ్ళు గోడ మీదికి పోతాయి. ఆయన చేతులు ఆనించిన చోట సున్నం నల్లబడి ఉంది.

ఆ నడుముకు ఏ జబ్బూ లేదు. ఈ మాట ఆయన బతికుండగా నేను ఒక్క మనిషితో తప్ప ఎవరితోనూ అనలేదు. పోయాక కూడా చాలా రోజులు అనలేకపోయాను.

మా ఆయన పేరు ఎల్లేష్. చంద్రపూర్ లాల్‌పేట్‌లో పుట్టాడు, తండ్రి బొగ్గుబాయి మనిషి. మరాఠీ బడిలో పదో తరగతి దాకా చదివాడు. ఎక్కడెక్కడో పనులు చేసి, చివరికి బామ్ని దారిలో హరికృష్ణ సేటు పెట్టిన ఇటుకల కంపెనీలో కుదిరాడు. కరెంటు స్టేషన్ నుంచి వచ్చే బూడిదతో చేసే ఇటుకలవి. బూడిద, రాతిపొడి, సిమెంటు కలిపి మిషన్‌లో ఒత్తుతారు. వాటిని బట్టీలో కాల్చరు. దొంతర్లుగా పేర్చి రోజుల తరబడి నీళ్ళు తాపుతారు. తాగినకొద్దీ గట్టిపడతాయి. తాగని ఇటుక చూడటానికి బాగానే ఉంటుంది, కానీ వేలుతో గీకితే రాలుతుంది.

ఆయన మొదట అక్కడ హమాలీ. మనిషి పని చేసే తీరు సేటుకు నచ్చింది. నాగ్‌పూర్‌లో సరుకు నాణ్యం మీద క్లాసులు పెడుతున్నారని తెలిసి, ఆయనను పంపించాడు. తిరిగొచ్చాక ఇంట్లో అదే ముచ్చట.

"అనసూయా, నువ్వు జేసే రొట్టెలన్ని ఒక్క తీరుగ ఉంటయా?"

"ఎట్లుంటయి? నేనేమన్న మిషన్‌నా?"

"మిషనైనా ఒక్క తీరుగ చెయ్యదే! అదే చెప్పిండ్రు ఆడ. జరంత అటు ఇటు అయితనే ఉంటది. ఆ జరంత అంటే ఎంతనో ముందుగాల తెలుసుకోవాలె. అండ్లనే ఉంటె ఊకోవాలె. దాటిందనుకో, చెయ్యి ఆపి, ఏమయిందో చూడాలె."

ఎట్లా తెలుసుకుంటారంటే, రోజూ దొంతర్లలోంచి ఐదు ఇటుకలు తీస్తారు. తూకం వేస్తారు. నీళ్ళలో నానేసి మర్నాడు మళ్ళీ తూస్తారు. ఎక్కువ నీళ్ళు పీల్చిందంటే లోపల గుల్ల అన్నట్టు. ఆ ఐదింటికీ సగటు కట్టి గళ్ళ కాగితం మీద ఒక చుక్క పెడతారు. ఐదింటిలో ఎక్కువ పీల్చినదానికీ తక్కువ పీల్చినదానికీ తేడా ఎంతో, అది ఇంకో చుక్క. కాగితం మీద నడుమ ఒక గీత, పైన ఒకటి, కింద ఒకటి. చుక్కలు గీతల మధ్య ఊగుతూ పోవాలి. గీత దాటినా, ఒకే పక్కకు పోతూ ఉన్నా, ఎక్కడో ఏదో తేడా వచ్చిందని అర్థం. లక్షల ఇటుకల సంగతి ఐదు ఇటుకలు చెబుతాయి. ఆయనకు అది మంత్రంలా అనిపించింది.

మా ఇంట్లో పప్పుకు కూడా గీతలు వచ్చాయి. "ఇయ్యాల ఉప్పు పై గీత దాటింది," అనేవాడు.

"దాటితే లేచి వో. మీ కంపెనీల ఇటుకలు నానవెట్టుకొని తిను," అనేదాన్ని.

మా అమ్మాయి విద్య పడీపడీ నవ్వేది.

ఆ క్లాసులో ఒక్కటి మరీ మరీ చెప్పారట. ఐదు ఇటుకలు ఎట్లా తీస్తావన్నదాంట్లోనే అంతా ఉంది. ఏరకూడదు. పైన, కింద, నడిమిట్ల, ఎక్కడినుంచైనా రావచ్చు అన్నట్టు తీయాలి. "కండ్లు ఎప్పటికి మంచిదాన్నే ఎతుకుతయట. అందుకే కండ్లను నమ్మద్దన్నరు," అని నాతో అన్నాడు. తెలియక చేసిన మనిషి కాదు ఆయన.

దొంతర్లకు నీళ్ళు కొట్టేది ఆడవాళ్ళు. అందరూ బాబుపేట్ నుంచి టెంపోలో వస్తారు. బాబుపేట్ నా పుట్టిల్లు. వాళ్ళకు పెద్ద మా చిన్నమ్మ మల్లవ్వ, మా అమ్మ చెల్లెలు. అమ్మ లేకపోయాక నా పెళ్ళి దగ్గరుండి చేసింది ఆమెనే. ఆ లెక్కన మా ఆయన ఆమెకు అల్లుడు. మిగిలినవాళ్ళంతా ఆ గల్లీవాళ్ళే కాబట్టి అందరికీ అల్లుడే.

హమాలీ పని మానిపించి సేటు ఇటుకలు పరీక్షించే చెకర్‌ను చేసిన మొదటిరోజు ఆయన దొంతర దగ్గర వంగి, కింది వరుసలోంచి ఒక ఇటుక లాగబోయాడట. చిన్నమ్మ పైపు పారేసి, కొంగు నెత్తిమీదికి లాక్కుంటూ ఉరికొచ్చింది.

"ఏంది అల్లుడా, మేమింతమందిమి ఉండంగ నువ్వు బురదల చెయ్యి వెడుతవా? జరుగు, జరుగు. రేపు మా బిడ్డకు ఏం మొఖం చూపియ్యాలె?"

"గట్ల గాదత్తా, నేనే తియ్యాలె. రూలది."

"రూలు సేటుకు చెప్పు. అల్లుడు వంగుతే అత్తలు నిలవడి చూస్తరా యాడన్న?"

ఆమె దొంతర చూసింది. అంచులు నిండుగా ఉన్నది, మంచిగా నీళ్ళు తాగినది చూసి తీసింది. కొంగుతో తుడిచి ఆయన చేతిలో పెట్టింది. అట్లా ఐదు. అల్లుడికి పెరుగు వేసేటప్పుడు మీగడ ఉన్నవైపు గంటె ముంచుతాం కదా, అంతే. అంతకంటే ఆమె మనసులో ఏమీ లేదు. చిన్నమ్మ కూతురు జ్యోతిలక్ష్మి కూడా అక్కడే పనిచేస్తుంది.

"బావా, ఇటుకలకు పసుపు కుంకం గూడ వెట్టియ్యాల్నా?" అని ఆమె నవ్వేది. "అమ్మ చేతి ఇటుకలాయె. టిఫిన్ల వెట్టుకొని అక్కకు తీస్కపో."

ఒకసారి ఆయన నాతో అన్నాడు: "మీ చిన్నమ్మకు చెప్పరాదు అనసూయా. నా ఇటుకలు నన్ను తీసుకోనియ్యుమని."

"నేనెట్ల చెప్త? మా చేతిది వద్దంటుండట అల్లుడు అని బాబుపేట్ అంత తిరిగి చెప్తది. ఇగ నేను పుట్టింటికి పోయినట్టే."

ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత ఆయన ఆ ఊసు ఎత్తలేదు. రోజూ చేతులు చాపి తీసుకున్నాడు. చుక్కలు నడిమి గీత పక్కనే ఒకదాని వెనక ఒకటి బుద్ధిగా కూర్చున్నాయి. సేటు ఆ చార్టును ఆఫీసు గోడకు పెట్టించి, వచ్చినవాళ్ళందరికీ చూపించేవాడు. "చూడుండ్రి, మా ఎల్లేష్ గీత. ఎంత బరోబర్ ఉందో." ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని పనికి పోయిన రోజులవి.

ఆ ఎండాకాలం చంద్రపూర్‌లో నిప్పులు కురిశాయి. కంపెనీ బోరు సన్నగిల్లింది. పైపులోంచి వచ్చే నీళ్ళు పై వరుసలు తడిపి పక్కలకు జారిపోయేవి. నడిమి వరుసలకు, కింది వరుసలకు అందేవి కావు. ఆ సంగతి ఆడవాళ్ళు సేటు మనుషులకు చెబుతూనే ఉన్నారు. "రేపు, మాపు" అంటూ గడిపేశారు. అట్లాంటి రోజుల్లో కూడా చార్టులో చుక్క కదలలేదు. కదలని చార్టును చూసుకుని సేటు నిశ్చింతగా ఉన్నాడు.

రాజురా దాటాక ఏదో ఊళ్ళో బడికి గోడ కడుతుంటే, మేస్త్రీ చేతిలోనే ఇటుకల మూలలు రాలాయట. కట్టడం ఆపేసి, ఇటుకలన్నీ ట్రాక్టర్లలో వెనక్కి పంపారు. వాటితోపాటు కంట్రాక్టరు తరఫున ప్రతిభ మేడం అనే ఇంజనీరు వచ్చింది. నాగ్‌పూర్ అమ్మాయి, మరాఠీ మాట్లాడుతుంది. ఆ రోజు ఆయన టిఫిన్ మరిచిపోతే ఇవ్వడానికి పోయి, నేనూ అక్కడే నీళ్ళ హౌజు పక్కన నిలబడి ఉన్నాను.

ఆ మేడం ఎవరినీ తిట్టలేదు. చార్టు ముందు నిలబడి చాలాసేపు చూసింది.

"కాకా, ఇది మీరే వేశారా? చాలా శుభ్రంగా ఉంది," అంది.

ఆయన ముఖం వెలిగింది.

"అందుకే నాకు నమ్మబుద్ధి కావడం లేదు," అంది ఆమె, నెమ్మదిగానే. "చేతి పని అన్నాక ఊగుతుంది కాకా. మీ చుక్కలు ఊగడం లేదు. బోరు తగ్గిందంటున్నారు, అప్పుడన్నా ఊగాలి కదా. ఇంత బాగుందంటే ఇటుకలన్నా ఎవరో ఏరి ఉండాలి, అంకెలన్నా ఎవరో రాసి ఉండాలి."

ఆయన ముఖంలో వెలుగు పోవడం నేను హౌజు దగ్గర నుంచే చూశాను.

ఆమె దొంతర దగ్గరికి పోయి, మోకాళ్ళ మీద కూర్చుని, కింది వరుసలోంచి తన చేతులతోనే ఒక ఇటుక లాగింది. బొటనవేలితో మూల నొక్కింది. మూల విరిగి ఆమె చున్నీ మీద పడింది. ఇంకొకటి లాగింది. అదీ అంతే.

సేటుకు పరాయి మనిషి ముందు తల కొట్టేసినట్టయింది. ఆడవాళ్ళ మీదికి తిరిగాడు.

"ఓహో! మంచియి ఏరి మా చెకర్ చేతుల వెడుతున్నరా? చాటుకు కచ్చియి దాస్తున్నరా? ఉన్నకాడికి పని ఎగ్గొట్టి, నన్ను మోసం జేస్తున్నరు! రేపటిసంది బాబుపేట్‌కు టెంపో పోదు. ఒక్కతి గూడ గేటు లోపట కనవడద్దు."

"మోసమేంది సేటూ..." అంది చిన్నమ్మ. అంతవరకే వచ్చింది మాట. ఎందుకంటే ఇటుకలు ఇచ్చిన మాట నిజం. ఏరిన మాట నిజం. ఎందుకిచ్చిందో చెప్పాలంటే అల్లుడి ముఖం చూడాలి. చూసింది. ఆయన నేలను చూస్తున్నాడు. ఆ ఆడవాళ్ళలో సగంమందికి ఆ పనే ఆధారం. జ్యోతిలక్ష్మి అప్పుడు కడుపుతో ఉంది.

"ఎల్లేష్, నువ్వే చెప్పు," అన్నాడు సేటు. "ఎవరిచ్చిండ్రు నీకు?"

ఆయన తల ఎత్తాడు.

"ఎవరియ్యలే సేటూ. నేనే మీది వరుసలకెల్లి తీసిన."

"ఎందుకు తీసినవ్? నాగ్‌పూర్ల గిదేనా నేర్పింది?"

"నడుం నొప్పి సేటూ. వంగరాదు. చెప్తే పని పోతదని చెప్పలే."

ఆ రోజు పొద్దున్నే నిండు నీళ్ళ డ్రమ్ము ఎత్తి నాకు స్నానాల గదిలో పెట్టి పోయాడు. నేను టిఫిన్ డబ్బాను రెండు చేతులతో పట్టుకున్నాను. హమాలీలలో ఎవడో, "గందుకేనా పొద్దుమాపు నీడకు నిలవడుతవ్!" అన్నాడు. నలుగురు నవ్వారు. చిన్నమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ప్రతిభ మేడం ఆయనను చూసింది, తర్వాత చిన్నమ్మను చూసింది. ఆమెకు ఏం అర్థమయిందో నాకు తెలియదు. "ముందే చెప్పాల్సింది కాకా," అని మాత్రం అంది. సేటు గోడమీది చార్టు పీకి, చుట్ట చుట్టి, బీరువా వెనక్కి తోశాడు.

తిరిగి వస్తూ దారిలో అడిగాను: "ఉన్నది చెప్తే ఏమయితుండె?"

"ఏమని చెప్పాలె? అల్లుడినని ఇచ్చిండ్రు అని చెప్పాల్నా? ఆ మేడానికి ఎట్ల సమజయితది? వాళ్ళు మర్యాదకు ఇస్తే దానికి మోసమని పేరు పడుతది. తీసుకున్నోణ్ణి నేను. రూలు తెలిసినోణ్ణి నేను. వాళ్ళకేమెరుక పాపం? నడుం నొప్పి అంటే నా ఒక్కనితోని పోతది."

ఆ ఒక్కనితో పోలేదు. సేటు చెడ్డవాడయితే బాగుండేది. కోపం దిగాక ఆయనకు జాలి వచ్చింది. ఆడవాళ్ళను ఉంచాడు, ఈయననూ తీసెయ్యలేదు. గేటు దగ్గర కుర్చీ వేయించి కూర్చోబెట్టాడు. కుర్చీకి మెత్త కూడా కుట్టించాడు. మందుల దుకాణం నుంచి నడుం పట్టీ తెప్పించి, "రేపటిసంది ఇది కట్టుకొనే రావాలె," అని తన చేతులతో ఇచ్చాడు. అట్లా వచ్చింది మా ఇంటికి ఆ పట్టీ.

వంకరగా నడవడం ఆయన మొదట ఇంట్లో నేర్చుకున్నాడు. ఎడమ చేయి నడుము మీద వేసుకుని, కుడి కాలు మెల్లగా. విద్యకు మేం చెప్పలేదు. కానీ అది చూడదా?

"బాపూ, గేటు కాడ ముసలోని లెక్క నడుస్తవ్. ఇంట్ల బియ్యం సంచి భుజం మీదేసుకుంటవ్. నీ నొప్పి డ్యూటీ టైముకే వస్తదా?" అంది ఒకరోజు.

ఆయన నవ్వబోయి ఆగిపోయాడు. ఆ తర్వాత ఇంట్లో కూడా విద్య ముందు బరువు ఎత్తలేదు. నేను ఎత్తేదాన్ని.

ఇంకోసారి వీధిలో గ్యాస్ సిలిండర్ దించిపోతే, ఎవరూ లేరు కదా అని భుజానికెత్తుకుని లోపలికి తెస్తున్నాడు. సేటు డ్రైవర్ మధుకర్ అప్పుడే వచ్చాడు. సేటు ఎవరో వైద్యుడి దగ్గర తెప్పించిన నూనె సీసా చేతిలో ఉంది. మా ఆయన సిలిండర్‌ను దభీమని దించి, "అమ్మా!" అని నడుము పట్టుకున్నాడు. మధుకర్ ఉరికొచ్చి, "అరె ఎల్లేషన్నా, నీకేమన్న పిచ్చా? వదినా, నువ్వన్న చెప్పద్దా?" అని నన్ను కోప్పడి, సిలిండర్ లోపలికి మోసి, నూనె ఎట్లా రాయాలో చెప్పి పోయాడు. ఆయన గడపలో కూర్చున్నాడు. నేను చాయ్ ఇస్తే, గ్లాసు తీసుకున్నాడు కానీ నా ముఖం చూడలేదు. ఆ నూనెను మేం ముట్టలేదు. అది అల్మారాలో ఉన్నన్నాళ్ళూ ఆ తలుపు తీయాలంటే నాకు సిగ్గుగా ఉండేది.

కంపెనీలో నవనీత్ అనే కొత్త చెకర్ వచ్చాడు. దొంతర్లకూ వరుసలకూ నంబర్లు వేయించాడు. డబ్బాలో చీటీలు ఊపి, ఏ నంబరు వస్తే ఆ ఇటుక తీసేవాడు. ఆ పిల్లవాడు ఎవరికీ అల్లుడు కాడు కాబట్టి ఆడవాళ్ళు దూరం నిలబడి చూసేవాళ్ళు. మొదట చుక్కలు గీతలు దాటి గంతులు వేశాయట. దొంతర్ల మధ్య సందులు వదిలారు, పైనుంచి జల్లు పడే పైపులు వేశారు. కింది వరుసలకూ నీళ్ళు అందాయి. మా ఆయన గేటు దగ్గర కూర్చునే అన్నీ కనిపెట్టేవాడు.

"ఇప్పుడు ఊగుతుంది అనసూయా చార్టు," అన్నాడు ఒక సాయంత్రం. "ఊగుకుంట ఊగుకుంట గీతల లోపటికి అచ్చింది. మంచి సరుకు పోతుంది ఇప్పుడు." సంతోషంగానే అన్నాడు. అని, పట్టీ విప్పమని గోడవైపు తిరిగాడు.

మొదట్లో ఆ ఆడవాళ్ళందరికీ అది అబద్ధమని తెలుసు. ఏళ్ళు గడిచేసరికి ఆ పట్టీని, ఆ నడకను చూసి చూసి, నిజంగానే నొప్పి ఉందేమో, మనమే ఎరగమేమో అనుకున్నారు. చిన్నమ్మ మాత్రం మా ఇంటికి రావడం మానేసింది. ఒకరోజు బాబుపేట్ రైలు గేటు దగ్గర కలిసింది.

"బిడ్డా, ఒక్క మాట. అల్లుని నడుము నిజంగనే..."

"లేదు చిన్నమ్మా."

గేటు తెరిచారు. బండ్లన్నీ కదిలాయి. ఆమె చేతిసంచి కింద పెట్టి దారి పక్కనే కూలబడింది. "నా చేతులు ఇరిగిపోను, నా చేతులు ఇరిగిపోను," అంటూనే ఉంది.

ఈ వానాకాలం చివర, ఒకరోజు పొద్దున గేటు దగ్గర ఆయనకు వెన్నులో నొప్పి వచ్చింది. భుజాల మధ్య. చెమటలు పోశాయి. నేను లేను అక్కడ, చిన్నమ్మ చెప్పిన మాట ఇది. సేటే ఆఫీసులోంచి ఉరికొచ్చి, బల్ల మీద బోర్లా పడుకోబెట్టి, పట్టీ విప్పి, తన చేతులతోనే మందు రాశాడట. "నడుము పట్టేసింది. జరసేపుంటె తగ్గుతది," అన్నాడట. ఆయనకు మాట రావడం లేదు. చేయి మాటిమాటికీ రొమ్ము కిందికి పోతోంది.

చిన్నమ్మ పైపు వదిలేసి వచ్చి గుంపులో నిలబడింది. అది నడుం నొప్పి కాదని ఆ చోట ఉన్నవాళ్ళలో గట్టిగా తెలిసింది ఆమెకొక్కదానికే. చెప్పాలంటే మొత్తం చెప్పాలి. మాట నోటిదాకా వచ్చి ఆగిందట. ఎంతసేపో ఆమెకే తెలియదు. తర్వాత అరిచింది.

"అది నడుము గాదు సేటూ! ఆయనకు నడుం నొప్పే లేదు! దవాఖానకు తీస్కపోండ్రి!"

"ఏం మాట్లాడుతున్నవే?" అన్నాడు సేటు.

"లేదంటున్న! ఎన్నడు లేదు! లేపుండ్రి!"

కారు తీసి తీసుకుపోయేసరికి అయిపోయింది. గుండె అన్నారు. ముందు తెచ్చినా చెప్పలేమమ్మా అని డాక్టరు విద్యతో అన్నాడట. అది మాకు ఓదార్పుగా అన్నాడో, నిజంగా అన్నాడో!

పలకరించడానికి వచ్చినవాళ్ళందరూ అదే అడిగారు. "నడుం నొప్పికి మనిషి పోతడా అనసూయా?" గుండె అని చెబితే, "మరి నడుము గూడ ఉండె గద, పాపం ఎన్నేండ్లు గోస వడ్డడో," అన్నారు. నేను తల ఊపాను. లేదంటే ఆయన దాచిన మాట బయటపడుతుంది, బాబుపేట్ ఆడవాళ్ళ పేరు పోతుంది. అవునంటే ఒళ్ళు దాచుకున్న మనిషిగానే మిగిలిపోతాడు. కొంగు కప్పుకుని గోడకు ఆనుకుని కూర్చుని, వచ్చిన ప్రతి మనిషికీ తల ఊపుతూనే ఉన్నాను. ఏడుపు కంటే ముందు సిగ్గు వచ్చేది. పోయిన మనిషి గురించి సిగ్గుపడుతున్నానే అని ఇంకా సిగ్గు.

మా స్నానాల గది గోడ ఆ వానలకే కూలింది. చీర అడ్డం కట్టుకుని నెట్టుకొస్తున్నాం. మొన్న పొద్దున వాకిట్లో ట్రాక్టరు ఆగింది, నిండా ఇటుకలు. ముందు చిన్నమ్మ కూర్చుని ఉంది. ఆడవాళ్ళు ఇటుకలు దించి వాకిట్లో పేర్చారు. ఆమె లోపలికి వచ్చింది. గడప దాటి, నేల మీద నా ఎదురుగా కూర్చుంది.

"చెప్పిన బిడ్డా," అంది. "సేటుకు చెప్పిన. అందరి ముంగట. అల్లుడని మేమే ఇచ్చినం, మా పని పోవద్దని ఆయన మీదేసుకున్నడు అని."

"ఏమన్నడు?"

"అల్లుడు కూసున్న కుర్చీల కూసున్నడు. 'నా చేతులతోనే మందు రాస్తి గదనే మల్లవ్వా,' అన్నడు. గంతే. మల్ల లోపటికి వోయిండు. టెంపో బంద్ చేస్తడేమో అనుకున్నం. చెయ్యలే. నిన్న పిలిచి, ఇటుకలు తీస్కపోయి వాళ్ళకు ఇచ్చి రా అన్నడు. మంచియి చూసి, ఏరి పంపు అన్నడు."

బయట దొంతర వైపు చూశాను. కొన్నింటికి మూలలు లేవు.

"ఏరలేదు," అంది చిన్నమ్మ. "కింది వరుసలకెల్లి ఒకటి, నడిమిట్లకెల్లి ఒకటి, ఏది చేతికస్తే అది. నా చెయ్యి మల్ల మంచిదాని మీదికే పోతుండె బిడ్డా. కండ్లు మూసుకొని ఎత్తిన."

చాయ్ పెట్టాను. ఎన్నో ఏళ్ళ తర్వాత మా ఇంట్లో తాగింది. గ్లాసు కడగబోతే నేను లాక్కున్నాను.

ఇవాళ సాయంత్రం మేస్త్రీ బాపురావు వచ్చి దొంతర చుట్టూ తిరిగి చూశాడు.

"వదినా, రేపు పొద్దుగాల్ల పని మొదలువెడుత. మూలలు పోయినయి పక్కకు తీసి పెట్టుండ్రి. మంచియి వీధి దిక్కు పెడుదాం, నలుగురు చూసే దిక్కు. పోయినయి లోపటి దిక్కు. కనవడయి."

"కింద పడుతే పలుగుతయా?"

"పలుగయి. గట్టిగనే ఉన్నయి. చూపుకే జర..."

బాపురావు వెళ్ళాక పీట తెచ్చుకుని దొంతర ముందు కూర్చున్నాను. పైన ఉన్నది చేతిలోకి తీసుకున్నాను. మూల ఒకటి లేదు. వేలితో గీకాను. రాలలేదు. దాన్ని ఎక్కడినుంచి తీశానో అక్కడే పెట్టేశాను.

విద్య కాలేజీ నుంచి వచ్చి సంచి దించింది. "ఏరుతున్నవా అమ్మా? ఉండు, నేనో చెయ్యి పడుత."

"ఏరేది లేదు బిడ్డా. ఉన్నయి ఉన్నట్టు పెడుతడు."

"వీధి దిక్కు గూడనా? అందరు చూస్తరు."

"చూడనియ్యి."

విద్య నా ముఖంలోకి చూసింది. నేను లేచి, పీట తీసుకుని లోపలికి వచ్చాను.